మా మామ చేతికి వచ్చిన డైనోసార్

మా మామ కైలాసానికి ఒకే ఒక్క అలవాటు ఉంది. ఏ వస్తువునైనా సరే, చేతికి తీసుకునే ముందు దానిలో ఉన్న తప్పులన్నీ నలుగురికీ వినపడేలా చెబుతాడు. జేబులోంచి చాక్‌పీసు ముక్క తీసి తప్పున్న చోట చిన్న గీత పెడతాడు. "నా చేతికి రాకముందు నుంచే ఉన్నది, సూడుండ్రి" అని సాక్షులను పిలుస్తాడు. ఆ తర్వాతే ముట్టుకుంటాడు. మంచినీళ్ళ గ్లాసయినా అంతే, పెళ్ళి పత్రికయినా అంతే. పిల్లనిచ్చిన మామ కాబట్టి నేనేమీ అనలేను. పక్కన నిలబడి సిగ్గుపడటం ఒక్కటే నా వంతు. పెళ్ళయిన దగ్గర్నుంచి ఆ పని శ్రద్ధగా చేస్తున్నాను.

ఆయనది సిరిసిల్ల. వయసంతా ఒక బట్టల సేటు దగ్గర చెకింగ్ పనిలో గడిచింది. మరమగ్గాల మీద నేసిన బట్ట తాన్లు సేటు దగ్గరికి వస్తే, వాటిని బల్ల మీద పరిచి, వెలుతురుకు పెట్టి, పోగు తెగిన చోటా నూనె మరక పడ్డ చోటా చాక్‌పీసుతో గుర్తుపెట్టాలి. ఆ సేటు దగ్గర ఒక కట్టుబాటు ఉండేది. బట్ట నేసినవాడి భుజం మీద ఉండగా కనపడిన చిరుగు నేసినవాడిది. బల్ల ఎక్కాక బయటపడిన చిరుగు చెకింగ్ చేసేవాడిది. సేటు తిట్లు ఎవరి వాటాకు వస్తాయో దాన్నిబట్టే తేలేది. అందుకని మామ, బట్ట ఇంకా అవతలివాడి భుజం మీద ఉండగానే దాని చుట్టూ ప్రదక్షిణం చేసి, అన్నీ అరిచి చెప్పి, ఆ తర్వాతే బల్ల మీదికి తీసుకునేవాడట. పని మానేసి చాలా ఏళ్ళయింది. చాక్‌పీసు మాత్రం మానలేదు.

పెళ్ళిచూపులకు మేం సిరిసిల్ల వెళ్ళిన రోజు మమతారాణిని నేను సరిగ్గా చూడనే లేదు. చూపులన్నీ నాకే జరిగాయి. మామ నా కుర్చీ చుట్టూ తిరిగాడు.

"కుడి భుజం జర కిందికున్నది."

మా బాపు మొహం మాడిపోయింది.

"ఎడమ చెప్పు మడిమ అరిగింది, సూడుండ్రి. నడిస్తె కాలు గీరుకుంటది." ఇంకా దగ్గరికొచ్చాడు. "కాలర్ ఒక దిక్కు వంగింది."

కాలరు మీద చాక్‌పీసు గీత పడింది. ఇటు మా వాళ్ళు, అటు వాళ్ళ వాళ్ళు, తలుపు చాటున పెళ్ళికూతురు, అందరూ చూస్తున్నారు. నాకు తల ఎత్తబుద్ధి కాలేదు.

"అన్నీ నా చేతికి రాకముందు నుంచే ఉన్నయి. రేపు మా బిడ్డ వల్ల అయినయనద్దు" అని, నా చెయ్యిని తన రెండు చేతుల్లోకి తీసుకుని, "ఇగ ఖాయం" అన్నాడు.

తిరుగు ప్రయాణంలో మా బాపు బస్సు దిగేదాకా ఒకటే మాట. "సంబంధం మంచిదే గని, అంగట్ల ఎద్దును సూసినట్టు సూసిండు కదరా నిన్ను! పండ్లొక్కటి లెక్కవెట్టలే!"

నేను కరీంనగర్‌లో ఒక జూనియర్ కాలేజీలో లెక్కలు చెబుతాను. పిల్లల ముందు పరువు ఒక్కటే నాకున్న ఆస్తి. అలాంటిది, ఒకసారి మామను వెంటబెట్టుకుని కూరగాయల మార్కెట్‌కు వెళ్ళాను. భూమవ్వ అనే ఆమె దగ్గర వంకాయలు చూస్తూ, ఈయన ఒక్కొక్క వంకాయకూ పుచ్చు చూసి గీత పెట్టడం మొదలుపెట్టాడు. భూమవ్వ నడుం మీద చెయ్యేసింది.

"ఓ పెద్దమనిషీ! కొనేది పావుకిలో, బొట్లు వెట్టేది బుట్టకంతనా? నీ బిడ్డ పెండ్లా ఏంది?"

చుట్టూ నవ్వులు. ఆ నవ్వుల్లో రెండు మూడు గొంతులు మా సెకండియర్ పిల్లలవి. మర్నాడు క్లాసుకు వెళితే, నల్లబల్ల మీద పాత పగులు చుట్టూ ఎవరో సున్నా చుట్టి, కింద "సారు చేతికి రాకముందు నుంచే ఉన్నది" అని రాసిపెట్టారు. ఆ గంటంతా బోర్డు వైపు తిరగకుండా పాఠం చెప్పాను. త్రికోణమితి నోటితో చెప్పడం ఎంత కష్టమో ఆ రోజు తెలిసింది.

ఎదురింటి బాలింత తన పసిగుడ్డును ముద్దుచేయమని ఇవ్వబోతే కూడా అంతే. "కుడి చెంప మీద దోమ కుట్టింది, సూడు బిడ్డా. నా చేతికి రాకముందు నుంచే ఉన్నది." అదృష్టం, పిల్లకు గీత పెట్టలేదు. ఉయ్యాలకు పెట్టాడు. ఆమె ఇప్పటికీ మమతతో మాట్లాడుతుంది గానీ నన్ను చూస్తే తలుపు దగ్గరగా వేసుకుంటుంది.

ఒకసారి సిరిసిల్లలో చాయ్ హోటల్ దగ్గర రాయమల్లు అనే పాత నేతగాడు తగిలాడు. నేను ఎవరి అల్లుణ్ణో తెలిసి లేచి నిలబడ్డాడు. "మీ మామసొంటి చెకింగాయన మళ్ళ పుట్టడు సారూ. ఆయన బల్ల కాడ ఉన్నన్ని దినాలు మాకు ఫికర్ లేకుండె" అన్నాడు. వెక్కిరిస్తున్నాడని అనుకున్నాను. తప్పులు అరిచి చెప్పేవాడి వల్ల ఎవడికి ఫికర్ ఉండదు? మామ తరఫున నేనే సిగ్గుపడి, చాయ్ సగంలో వదిలేసి వచ్చాను.

ఇక సాద్ సంగతికి వస్తాను. సాద్, నేను చిన్నప్పుడు సుల్తానాబాద్‌లో ఒకే వాడకట్టులో పెరిగాం. వాడికి ఇప్పుడు అక్కడే సెల్‌ఫోన్ల రిపేరు దుకాణం ఉంది. పాత ఆటబొమ్మలంటే పిచ్చి. వాటిని ఫోను ముందు పెట్టి మంచీ చెడూ చెబుతూ వీడియోలు చేస్తుంటాడు.

ఆ పిచ్చికి మూలం ఒక డైనోసార్. వాడి చిన్నప్పుడు వాళ్ళ నాన్న నజీరుద్దీన్ సౌదీ నుంచి తెచ్చాడు. వెండి రంగు ఒళ్ళు, నోటి నిండా కోరలు, ముందర రెండు బుడ్డ చేతులు. తోకను రెండుగా చీల్చి కిందికి గుంజి, తలను వీపు వెనక్కి మడిస్తే మరమనిషి అయిపోయేది. దాన్ని ఒక్కసారి తిప్పడానికి మేమంతా సాద్ వాళ్ళ గడప ముందు వరుస కట్టేవాళ్ళం. ఇల్లు మారినప్పుడు అది ఎటో పోయింది. సాద్ కూడా దుబాయి చూసి వచ్చాడు, పెళ్ళి చేసుకున్నాడు, కూతురు పుట్టింది, జుట్టు పలచబడింది. డైనోసార్ పోయిన బాధ మాత్రం పోలేదు. పోయినేడు ఆ కంపెనీ వాళ్ళే పాత అచ్చులు బయటికి తీసి, అదే బొమ్మను అదే రకం డబ్బాలో మళ్ళీ విడుదల చేశారు. సాద్ తెప్పించుకున్నాడు.

"వచ్చిందిరా అరుణూ!" అన్నాడు ఫోన్లో. "ఒక్కసారి తెరిచి చూసి, మళ్ళ డబ్బల వెట్టి అల్మారా మీద వెట్టిన. ఇంట్ల అందరికీ చెప్పిన, ముట్టుకుంటె చేతులిరుస్త అని. ఆదివారం లైవ్‌ల తీస్త. పాతదానికీ దీనికీ ఫరక్ ఏందో చెప్పాలె. పాతదాన్ని ముట్టినోళ్ళల్ల నువ్వొక్కనివే నాకు దొరికేది. రావాలె!"

ఆ ఆదివారమే మామ మా ఇంట్లో ఉన్నాడు. "బాపును గూడ తీస్కపో. ఇంట్లుంటె నా గిన్నెలన్నిటికి గీతలు వెడ్తుండు" అంది మమత. వద్దని చెప్పడానికి నోరు తెరిచాను. ఆమె చేతిలో గీతలు పెట్టిన పెనం ఉంది. నోరు మూసుకున్నాను.

బండి తీస్తూ బతిమాలుకున్నాను. "మామా, గా బొమ్మంటె వానికి పానం. అక్కడ మీరేం ముట్టుకోవద్దు."

"ముట్టుకోకపోతె తప్పు చెప్పే పనే లేదు గద అల్లుడా."

"చాక్‌పీసు?"

"ఇంట్లనే వెట్టిన" అన్నాడు. అని, నేనిచ్చిన హెల్మెట్టును దూరం నుంచే చూసి, "ఎనుకకు గీరుకపోయింది" అంటూ జేబులోంచి చాక్‌పీసు తీశాడు.

సాద్ భార్య షహర్ బానో చాయ్ తెచ్చింది. మామ కప్పు వైపు వంగి, "అంచు మీద సన్న పగులున్నది బిడ్డా" అన్నాడు. ఆమె కంగారుపడి ఇంకో కప్పు తెచ్చింది. దానికి పువ్వు చెరిగిందట. చివరికి పెట్టెలో దాచుకున్న పెళ్ళినాటి కప్పు బయటికి తీసింది. "గిది కరెక్టున్నది" అని అందుకున్నాడు.

సాద్ కూతురు సుమయ్య మూడో తరగతి చదువుతోంది. మామూలుగా నేను గడప దాటకముందే నా జేబులు తడిమి చాక్లెట్లు లాక్కునే పిల్ల. ఆ రోజు తలుపు పక్కన చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడిపోయింది. మామ నువ్వుల లడ్డు ఇవ్వబోతే చెయ్యి చాపలేదు.

"కొత్తోళ్ళు గద, సిగ్గు" అంది షహర్ బానో.

ఆ గదిలో నాకు తోడు ఒకరు దొరికారని అనుకున్నాను. మామ మాత్రం లడ్డు కాగితంలో చుట్టి జేబులో పెట్టుకుని, ఆ పిల్ల వైపు కాసేపు చూశాడు.

లైవ్ మొదలైంది. సాద్ ఇస్త్రీ చొక్కా వేసుకుని, ఫోను ముందు కూర్చుని, "నా బచ్‌పన్ వాపసు వచ్చింది దోస్తులూ" అన్నాడు. డబ్బా మూత తీసి, డైనోసార్ పడుకున్న ప్లాస్టిక్ అరను బల్ల మీద పెట్టాడు. చేతులు తుడుచుకుని దాన్ని ఎత్తబోతున్నాడు.

"ఆగు బాబూ!"

నేను పట్టుకునేలోపే మామ కుర్చీ లాక్కుని ఫోను ముందుకు వచ్చేశాడు. జేబులోంచి తన పాత భూతద్దం తీశాడు. నేను కళ్ళు మూసుకున్నాను. తెరిచి చూస్తే నా ఫోనులో మమత సందేశం. వాళ్ళ బాపు టీవీలో లాగా కనపడుతున్నాడని మా ఇరువైపుల చుట్టాలందరికీ లింకు పంపిందట. చూస్తున్నవాళ్ళలో సగం మంది మావాళ్ళే.

"వీపు మీద అచ్చు అతుకు కనవడ్తున్నది" అన్నాడు మామ. చేతులు వెనక్కి కట్టుకుని, ముక్కు బొమ్మకు ఆనేంత దగ్గరగా వంగాడు.

నేను సాద్‌కు చేతులు జోడించబోయాను. వాడు ఎగిరి గంతేసినంత పని చేశాడు. "కరెక్ట్ మామా! పాతదానికి గూడ గక్కడనే ఉండె!"

"ఛాతి మీద పసుపు రంగు గీత దాటింది."

"పాతదాని రంగు గింత మందం లేకుండె. రాసుకోండ్రి దోస్తులూ!"

"కుడి మోకాలు బిగువు లేదు. కింది పండ్లల్ల ఒకటి వంకర." ఒక్కో తప్పుకూ ఒక్కో సన్నటి గీత పడుతోంది. "అన్నీ నా చేతికి రాకముందు నుంచే..."

తెర మీద పొగడ్తలు కురుస్తున్నాయి. "తాత సూపర్", "తాతను రోజు తీసుకరా అన్నా". పెళ్ళయినప్పటి నుంచి మొదటిసారి నేను వీపు నిటారుగా పెట్టి కూర్చున్నాను. ఈయన మా మామ అని ఫోను ముందుకొచ్చి చెబుదామా అని కూడా అనిపించింది.

అప్పుడు భూతద్దం డైనోసార్ ఎడమ చెయ్యి దగ్గరికి వెళ్ళి ఆగింది. మామ చాలాసేపు చూశాడు. తల ఎత్తి తలుపు వైపు చూశాడు. మళ్ళీ బొమ్మను చూశాడు. చాక్‌పీసును జేబులో వేసుకున్నాడు.

"ఇగ చాలు" అని, ఎడమ చెయ్యి గురించి ఒక్క మాటైనా అనకుండా, డైనోసార్‌ను రెండు చేతులతో ఎత్తుకున్నాడు.

టక్కుమంది. బుడ్డ చెయ్యి ఊడి బల్ల మీద పడి దొర్లింది.

మామ నేరుగా ఫోనులోకి చూశాడు. "నా చేతుల ఇరిగింది. నాదే తప్పు" అన్నాడు.

సాద్ మొహం చూడలేకపోయాను. "ఏం కాదు మామా, ఏం కాదు" అంటూనే లైవ్ ఆపేశాడు. ఊడిన చెయ్యిని అరచేతిలో పెట్టుకుని, జ్వరమొచ్చిన పిల్లను చూసినట్టు చూస్తున్నాడు. ఇన్నేళ్ళూ పడ్డ సిగ్గంతా ఒక ఎత్తు, ఈ ఒక్క నిమిషం ఒక ఎత్తు. ప్రతి కప్పుకూ ప్రతి వంకాయకూ సాక్షులను పిలిచిన మనిషి, ముట్టుకోవద్దని బతిమాలిన ఆ ఒక్క వస్తువును చూసుకోకుండా పట్టుకుని విరగ్గొట్టాడు, అదీ చుట్టాలందరి ఎదుట. అప్పుడే సిరిసిల్ల నుంచి మా అత్తమ్మ దేవవ్వ ఫోను.

"అల్లుడా, గాయన తప్పులు చెప్పకుండనే వట్టుకున్నడా?"

"అవును అత్తమ్మా."

"అయ్యో! పానం బాగలేనట్టున్నదయ్యా. జర దవఖానకు తీస్కపో!"

షహర్ బానో బిర్యానీ తినిపొమ్మంది. తినడానికి నాకు మొహం చెల్లలేదు. సాద్ భుజం మీద చెయ్యేసి ఏదో గొణిగి, మామను దాదాపు లాక్కుంటూ వాకిట్లోకి వచ్చాను. దారంతా ఏమేం అనాలో మనసులో వరుస పెట్టుకుంటున్నాను. గేటు దగ్గర వెనక నుంచి చిన్న అడుగుల చప్పుడు వినిపించింది. సుమయ్య. మామ బల్ల మీద మరిచిపోయిన భూతద్దం పట్టుకొచ్చింది.

"తాతా, గిది..."

మామ అలవాటు ప్రకారం చెయ్యి చాపకుండా వంగి చూశాడు. "అద్దం మంచిగనే ఉన్నది. వేళ్ళకు గమ్మున్నది. బొటనవేలుకు, పక్క వేలుకు. ఎండి తెల్లగయింది." నా వైపు తిరిగాడు. "నా చేతికి రాకముందు నుంచే ఉన్నది, సూడు అల్లుడా."

నేను చూశాను.

పిల్ల ఏడుపు మొదలుపెట్టింది. మామ మోకాళ్ళు పట్టుకుని, మూలుగుతూ దాని ముందు కూర్చున్నాడు.

"ఎప్పుడిరిగింది?"

"నిన్న. అబ్బా దుకాణంకి వోయినంక."

"గమ్ము గట్ల గుమ్మరిస్తరా బిడ్డా? సూదిమొనకు అంటించి, గింతంత వెట్టాలె. అతుకు బయటికి కనవడ్డదంటె పని ఖరాబయినట్టె. ఆరనన్న ఆరనియ్యకపోతివి."

ఆ పిల్ల ఏడుపు మధ్యలోనే బుద్ధిగా తలూపింది. "అబ్బాకు చెప్తరా తాతా?"

"నాకేమెర్క? నా చేతుల ఇరిగింది, అందరు సూసిండ్రు. నీకు ఎప్పుడు చెప్పబుద్ధయితె గప్పుడు నువ్వే చెప్పు. గప్పటిదాంక నా మీదనే ఉండని." జేబులోంచి కాగితం పొట్లం తీసి విప్పాడు. "లడ్డు ఒక దిక్కు పలిగింది. గిది మాత్రం నా జేబులనే."

ఈసారి చెయ్యి చాపింది.

బండి మీద వస్తుంటే రాయమల్లు గుర్తొచ్చాడు. భుజం మీద తానుతో, గుండెలు అరచేతిలో పెట్టుకుని నిలబడ్డ నేతగాళ్ళ ముందు ఈయన చిన్న చిన్న మచ్చలన్నీ అరిచి చెప్పి, పెద్ద చిరుగు దగ్గరికి రాగానే నోరు మూసుకుని తానును బల్ల మీదికి ఎన్నిసార్లు తీసుకున్నాడో. సేటు తిట్లు ఎన్ని తిన్నాడో. సగంలో వదిలేసిన ఆ చాయ్ తలచుకుని సిగ్గుపడ్డాను. ఇంతకాలం పడ్డ సిగ్గు ఒక్కటీ దీనికి సాటిరాదు, ఇది నా సొంతం.

ఆ వారంలోనే సాద్ ఫోను చేశాడు. "పోరి చెప్పిందిరా. ఏడ్చుకుంట తనే వచ్చి చెప్పింది. చేతులిరుస్త అని నేనంటి గదా, గందుకు గింత పరేషాన్ అయింది. బొమ్మ కోసం బిడ్డను బెదిరించిన నాకు సిగ్గుండాలె. మామ ఉన్నడా? వస్తున్న."

బొమ్మనూ బిడ్డనూ తీసుకుని మా ఇంటికే వచ్చాడు. మామ చేతులు పట్టుకుని ఏదో చెప్పబోతే, మామ విననట్టు డబ్బా వైపు తిరిగాడు. డైనోసార్‌ను బల్ల మీద పెట్టారు. మామ చేతులు వెనక్కి కట్టుకుని వంగాడు.

"ఎడమ చెయ్యి లేదు" అన్నాడు. చాక్‌పీసు తీశాడు. "నా చేతికి..."

ఆగిపోయాడు. ఆయన చేతిలోనే విరిగిందని ఆయనే లోకానికంతా చెప్పాడు కదా. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆ మాట ఆయన నోట్లో ఇరుక్కుపోవడం నేను మొదటిసారి చూశాను. ఒకసారి చాక్‌పీసును, ఒకసారి మమ్మల్ని చూస్తూ తికమకపడుతున్నాడు.

సుమయ్య ముందుకొచ్చి, ఆయన వేళ్ళ మధ్య నుంచి చాక్‌పీసు తీసుకుని, ఊడిన చోట తనే గీత పెట్టింది. తర్వాత నడుం మీద చేతులేసుకుని, ఇల్లంతా వినపడేలా అరిచింది.

"తాత చేతికి రాకముందు నుంచే ఉన్నది, చూడుండ్రి!"

మమత వంటింట్లోంచి నవ్వుతూ పరిగెత్తుకొచ్చింది. సాద్ నవ్వుతూ కళ్ళు తుడుచుకున్నాడు. మామ మాత్రం నవ్వలేదు. "సూది తీస్కరా బిడ్డా" అని సుమయ్యను పక్కన కూర్చోబెట్టుకుని, సూదిమొన మీద గమ్ము ఎంత ఉండాలో చూపించాడు. అతికించింది ఆ పిల్లే. బాగానే వచ్చింది. బాగా వెతికితే తప్ప కనపడదు.

వాళ్ళు వెళ్ళాక నేను మామ పక్కన కూర్చున్నాను. ఆ ఆదివారం నుంచి నాలుక చివర ఉన్న మాట అడిగేశాను.

"మామా, పెండ్లిచూపులల్ల నా తప్పులన్ని చెప్పిండ్రు గదా. చెప్పకుండ ఏమన్న వదిలిపెట్టిండ్రా?"

ఆయన భూతద్దం తుడుచుకుంటూ నన్ను ఎగాదిగా చూశాడు.

"చేతికి వచ్చినంక అన్ని నావే గద అల్లుడా, ఇప్పుడెందుకు?" అన్నాడు. ముందుకు వంగి నా కాలరు సరిచేశాడు. "గిదొక్కటే, ఎన్నిసార్లు సర్దినా ఒక దిక్కు వంగుతనే ఉన్నది."